హారర్ పోస్టర్ మనల్ని ఎలా భయపెడుతుంది? నేను తీసేసిన థంబ్‌నెయిల్ సంగతి

మన ఛానెల్‌లో ఇప్పటిదాకా ఎక్కువ మంది చూసిన వీడియో ఏదో రెగ్యులర్‌గా ఫాలో అయ్యేవాళ్లకి తెలుసు. పోయిన ఏడాది చేసిన పల్లెటూరి దెయ్యం కథల ఎపిసోడ్. ఆ వీడియో ఇప్పటికీ ఉంది, కానీ దాని థంబ్‌నెయిల్ మారిపోయింది. పాతదాంట్లో ఒక ముసలావిడ ముఖం ఉండేది. తెల్ల చీర, విరబోసుకున్న జుట్టు, తెల్లగా మెరిసే ఒక కన్ను. "బ్రో, హైలైటే అది కదా, ఎందుకు తీసేశావ్?" అని చాలామంది అడిగారు. ఈరోజు జవాబు చెప్తా. కాకపోతే డైరెక్ట్‌గా చెప్తే సగమే అర్థమవుతుంది. అందుకని ముందు ఒక ఐదు సినిమా పోస్టర్లు చూద్దాం. హారర్ పోస్టర్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే, నేను చేసిన పని ఏంటో మీకే అర్థమైపోతుంది.

మనకి తెలుసు, ఆమెకి తెలీదు

మొదటిది 'జాస్'. 1975లో వచ్చిన స్టీవెన్ స్పీల్‌బర్గ్ సినిమా. సినిమా చూడకపోయినా ఈ బొమ్మని ఏదో ఒక టీషర్ట్ మీదైనా చూసే ఉంటారు. పైన నీళ్ల మీద ఒక అమ్మాయి ఈదుతోంది. కింద నీళ్లలోంచి నోరు తెరుచుకుని ఒక సొరచేప నిటారుగా పైకొస్తోంది. అంతే, ఇంకేం లేదు. దీన్ని గీసింది రోజర్ కాస్టెల్ అనే ఆర్టిస్ట్. అది కూడా సినిమా కోసం కాదు. పీటర్ బెంచ్లీ నవల పేపర్‌బ్యాక్ కవర్ కోసం గీశాడు, సినిమావాళ్లు అదే బొమ్మ తీసుకున్నారు.

ఇందులో భయం ఎక్కడుంది? సొరచేప పళ్లలో అంటారు మీరు. ఒక్కసారి ఆ అమ్మాయిని చూడండి. ఆమె ముఖంలో భయం లేదు. హాయిగా ఈదుకుంటూ పోతోంది. నీళ్ల గీతకి పైన ఆమె ప్రపంచం, కింద సొరచేప ప్రపంచం. ఈ రెండింటినీ ఒకేసారి చూడగలిగేది మనం మాత్రమే. మనకి తెలుసు, ఆమెకి తెలీదు. "ఏయ్, వెనక్కి రా" అని అరవాలనిపిస్తుంది, కానీ అరిచినా వినపడదు. పైగా బొమ్మలో చూపించింది కరవడానికి ఒక్క సెకను ముందు. ఆ తర్వాతి సెకను పోస్టర్‌లో లేదు. దాన్ని మన బుర్రే తయారుచేసుకుంటుంది.

సైజు కూడా గమనించండి. సినిమాలో ఆ సొరచేప 25 అడుగులు అని చెప్తారు. పోస్టర్‌లో అమ్మాయి పొడుగుతో పోల్చి లెక్కేస్తే అంతకంటే చాలా పెద్దది. అంటే పోస్టర్ కొలతల విషయంలో అబద్ధం చెప్పింది. కానీ భయం విషయంలో కాదు. నీళ్లలో ఒంటరిగా ఉన్న మనిషికి కిందున్నది అంతే పెద్దగా అనిపిస్తుంది. చిన్న మనిషి, పెద్ద ప్రమాదం. హారర్ పోస్టర్లలో ఎప్పుడూ కనిపించే లెక్క ఇది.

వెలుతురే భయపెడితే

రెండోది 'ది ఎక్సార్సిస్ట్', 1973. పోస్టర్ డిజైన్ చేసింది బిల్ గోల్డ్. రాత్రి, పొగమంచు. ఒక ఇంటి ముందు వీధి దీపం కింద టోపీ పెట్టుకుని, చేతిలో బ్యాగ్‌తో ఒకాయన నిలబడి ఉన్నాడు. ఆయన దెయ్యాన్ని వదిలించడానికొచ్చిన ఫాదర్ మెరిన్. ముఖం కనిపించదు, నల్లటి ఆకారం మాత్రమే. పై అంతస్తు కిటికీలోంచి ఒక వెలుగు ఆయన మీదికి పడుతోంది.

మామూలుగా మన లెక్క ఏంటి? చీకటి అంటే భయం, వెలుగు అంటే ధైర్యం. కరెంట్ పోతే కొవ్వొత్తి వెతుక్కునేది అందుకే కదా. ఈ పోస్టర్ ఆ లెక్కని తిరగేసింది. వెలుగు వస్తున్నది దెయ్యం పట్టిన పిల్ల గదిలోంచి. కాపాడటానికి వచ్చినాయనేమో చీకట్లో ఉన్నాడు. ఆ గదిలో ఏముందో చూపించలేదు. ఆయన ఇంకా లోపలికి వెళ్లలేదు కూడా. ఇక్కడా అదే ట్రిక్, జరగబోయేదానికి ముందు క్షణంలో ఆపేశారు.

డైరెక్టర్ విలియం ఫ్రీడ్‌కిన్ ఈ సీన్‌కి స్ఫూర్తిగా తీసుకున్నది రెనె మాగ్రిట్ పెయింటింగ్స్‌ని. 'వెలుగుల సామ్రాజ్యం' అనే అర్థం వచ్చే పేరుతో ఆయన ఒక సిరీస్ వేశాడు. వాటిలో పైన ఆకాశం పట్టపగలులా ఉంటుంది, కింద ఇల్లూ వీధీ మాత్రం రాత్రిలా ఉంటాయి, ఒక దీపం వెలుగుతుంటుంది. దెయ్యం లేదు, రక్తం లేదు. అయినా చూస్తుంటే ఏదో తేడాగా ఉంటుంది. ఆ "ఏదో తేడా"నే పోస్టర్‌కి తెచ్చుకున్నారు.

ఒక గుడ్డు, ఒక పిల్లల బండి

మూడోది 'ఏలియన్', 1979. నల్లటి పోస్టర్ మధ్యలో ఒక గుడ్డు. దాని కింద చిన్న పగులు, ఆ పగుల్లోంచి పచ్చటి వెలుగు. మనిషి లేడు, రాక్షసి లేదు. అంతరిక్షంలో మీరు అరిచినా ఎవరికీ వినపడదు అనే అర్థం వచ్చే ఒక్క లైన్, పైన దూరం దూరంగా పేర్చిన టైటిల్ అక్షరాలు. ఇంకో తమాషా ఏంటంటే, సినిమాలో కనిపించే గుడ్లు ఇలా ఉండనే ఉండవు. డిజైన్ చేసిన ఫిలిప్ గిప్స్‌కి కావలసింది సినిమాలోని వస్తువు కాదు, లోపల ఏదో ఉందన్న ఫీలింగ్.

నాలుగోది 'రోజ్‌మేరీస్ బేబీ', 1968. పోస్టరంతా ఆకుపచ్చ రంగు. పడుకుని పైకి చూస్తున్న మియా ఫారో ముఖం పక్కనుంచి, చాలా పెద్దగా. ఆ ముఖం ముందు ఒక రాళ్ల గుట్ట, దాని మీద నల్లగా ఒక పిల్లల బండి. పిల్లల బండిని చూసి ఎవరైనా భయపడతారా? ఇంటి ముందుంటే భయపడరు. ఎవరూ లేని గుట్ట మీద ఒంటరిగా ఉంటే? ఆ బండి అక్కడికెలా వచ్చింది? తోసినవాళ్లెక్కడ? లోపల ఎవరైనా ఉన్నారా? మూడు ప్రశ్నలు వచ్చేశాయి, బొమ్మ ఏదీ చెప్పలేదు. మామూలు వస్తువుని ఉండకూడని చోట పెట్టడం, ఇదో పద్ధతి.

ఆ ఆకుపచ్చ గురించి ఒక మాట. చెట్టు మీద ఆకుపచ్చ బాగుంటుంది. మనిషి ముఖం మీద అదే ఆకుపచ్చ పడితే ఒంట్లో బాలేనట్టు ఉంటుంది. రంగుకి సొంతంగా అర్థం ఉండదు, ఎక్కడ పడిందన్నదే అర్థం. ఎరుపు చూడండి. హాలీవుడ్ హారర్‌లో ఎరుపంటే ఎక్కువగా రక్తమే. మనకేమో కుంకుమ కూడా ఎరుపే, పెళ్లి చీరా ఎరుపే. అందుకే 'అరుంధతి' లాంటి సినిమాలో పెద్ద ఎర్ర బొట్టు కనిపిస్తే మనకి ఒకేసారి భక్తీ, భయమూ రెండూ వస్తాయి. అమ్మవారి బొమ్మలు చూస్తూ పెరగనివాళ్లకి ఆ రెండోది అంతగా ఎక్కదు.

ముఖాన్ని చూసి భయపడాలా, ముఖంతో కలిసి భయపడాలా

ఇప్పుడు అసలు పాయింట్‌కి వస్తున్నాం. ముఖాలు.

చిన్నప్పుడు కరెంట్ పోయినప్పుడు గడ్డం కింద టార్చ్ పెట్టుకుని చెల్లినో తమ్ముడినో భయపెట్టారా? అందరం చేసినవాళ్లమే. అది ఎందుకు పనిచేస్తుంది? సూర్యుడు పైనుంచి, ట్యూబ్‌లైట్ పైనుంచి, వీధి దీపమూ పైనుంచే. వెలుతురు పైనుంచి వస్తుందన్నది మన మెదడులో డిఫాల్ట్ వాల్యూ అనుకోండి. కనుబొమల కింద, ముక్కు కింద నీడ ఉంటుందని లెక్క కట్టి ముఖాన్ని చదువుతుంది. కింద నుంచి లైట్ వేస్తే నీడలన్నీ తారుమారైపోతాయి. తెలిసిన ముఖమే, కానీ ఇన్‌పుట్ సరిపోలట్లేదు. అలాగే కన్ను. ఎదుటివాళ్లు ఎటు చూస్తున్నారో మనకి చెప్పేది నల్లగుడ్డు. దాన్ని చెరిపేసి తెల్లగా చేస్తే ఎటు చూస్తున్నారో తెలీదు. నన్నే చూస్తున్నారేమో అనిపిస్తుంది. పోస్టర్లలో తెల్ల కళ్లు అందుకే అన్ని ఉంటాయి.

ఐదో పోస్టర్ 'ది సైలెన్స్ ఆఫ్ ది లాంబ్స్', 1991. జోడీ ఫాస్టర్ పాలిపోయిన ముఖం, నోటికి అడ్డంగా ఒక చిమ్మట పురుగు. ఆ పురుగు మీద చిన్న పుర్రె ఆకారం. పాజ్ చేసి జూమ్ చేసుకోండి. ఆ పుర్రె నిజానికి ఏడుగురు ఆడవాళ్ల శరీరాలు కలిపి కూర్చిన బొమ్మ. 1951లో ఫొటోగ్రాఫర్ ఫిలిప్ హాల్స్‌మన్, సాల్వడార్ డాలీ కలిసి తీసిన ఫొటో నుంచి తీసుకున్నారు. ఆడవాళ్లని చంపేవాడి గురించిన సినిమాకి ఇంతకంటే సరైన గుర్తు ఏముంటుంది?

ఇక్కడ తేడా గమనించండి. ఈ పోస్టర్‌లో ముఖం పెద్దగానే ఉంది. రోజ్‌మేరీ పోస్టర్‌లోనూ ఉంది. కానీ ఆ ముఖాలు ప్రమాదంలో ఉన్నవాళ్లవి. వాళ్లని చూసి మనం భయపడట్లేదు, వాళ్లతో కలిసి భయపడుతున్నాం. కాబట్టి పోస్టర్‌లో ముఖం ఉండటం తప్పు కాదు. ఆ ముఖాన్ని చూసి భయపడమంటున్నారా, ఆ ముఖంతో కలిసి భయపడమంటున్నారా అన్నదే ప్రశ్న. ఈ రెండో రకం చేయాలంటే కష్టపడాలి, కథ ఆలోచించాలి. మొదటి రకం ఈజీ. ఎంత ఈజీనో నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేను చేసింది అదే.

తెల్ల చీర ఎక్కడినుంచి వచ్చింది

దెయ్యాన్ని గీయమంటే మనవాళ్లలో ఎక్కువమంది ఏం గీస్తారు? తెల్ల చీర, విరబోసిన జుట్టు. జపాన్ వాళ్లని అడిగినా దాదాపు ఇదే. 1998లో వచ్చిన 'రింగు' సినిమాలో సదాకో గుర్తుందా? తెల్ల బట్టలు, ముఖం మీద పడిన నల్లటి జుట్టు. 2002లో హాలీవుడ్ దాన్ని 'ది రింగ్'గా తీశాక ఆ రూపం ప్రపంచమంతా పోస్టర్ల మీదికి ఎక్కేసింది. కానీ సదాకో రూపం 1998లో పుట్టింది కాదు. జపాన్‌లో 18వ శతాబ్దంలోనే మరుయామ ఓక్యో లాంటి చిత్రకారులు ఇలాంటి దెయ్యాలని గీశారు. అక్కడ శవానికి తెల్లబట్ట కట్టేవాళ్లు. ఆడవాళ్లు బతికున్నప్పుడు ముడి వేసుకునే జుట్టుని చనిపోయాక వదిలేసేవాళ్లు. అంటే ఆ దెయ్యం వేసుకున్నది అంత్యక్రియల బట్టలు. చనిపోయిన మనిషి చనిపోయినట్టే కనిపిస్తోంది, దానికో లాజిక్ ఉంది.

మరి మన తెల్ల చీర? మన దగ్గర అది ఎక్కువగా కనిపించింది శవం మీద కాదు, బతికున్న మనిషి మీద. భర్త పోయినావిడ మీద. జుట్టు విరబోసుకోవడం ఏడుపుకి, అశుభానికి గుర్తు. దీపాలు పెట్టే వేళ జుట్టు విరబోసుకుని గుమ్మంలో నిలబడొద్దని ఇంట్లో పెద్దవాళ్లు అనేది మీరూ వినే ఉంటారు. అంటే జపాన్ దెయ్యం శవం డ్రెస్ వేసుకుంటే, మన దెయ్యం విధవరాలి డ్రెస్ వేసుకుంది. ఎదురొస్తే మంచిది కాదని ఊళ్లో జనం తప్పుకున్న మనిషినే తీసుకెళ్లి పోస్టర్ మీద దెయ్యంగా నిలబెట్టాం.

తమాషా ఏంటంటే, ఆ సినిమాల్లో కొన్నింటిలో దెయ్యమే ఉండదు. 1964 హిందీ సినిమా 'వో కౌన్ థీ?' వర్షం పడే రాత్రి, రోడ్డు మీద తెల్ల చీరలో సాధన. తెలుగులో 1966లో జయలలితతో 'ఆమె ఎవరు?' అని తీశారు. చివరికి తేలేది ఏంటి? దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు, అంతా హీరోని పిచ్చివాణ్ణి చేయడానికి వేసిన ప్లాన్. 2005 'చంద్రముఖి' తీసుకోండి. కాటుక పెట్టిన పెద్ద పెద్ద కళ్లతో జ్యోతిక ఆ వేషంలో ఉన్న బొమ్మ మనందరికీ గుర్తుండిపోయింది. కానీ సినిమా మనకి చెప్పింది ఏంటి? ఆమెకి ఉన్నది మానసిక సమస్య, ఆమెకి కావలసింది వైద్యం. కథ "ఈమె పేషెంట్" అంటుంటే బొమ్మ "ఈమె దెయ్యం" అంటోంది. సినిమా చూసినవాళ్లకి కథ తెలుసు. చూడనివాళ్లకి తెలిసేది బొమ్మ ఒక్కటే. పోస్టర్‌ని చూసేవాళ్లు సినిమాని చూసేవాళ్లకంటే ఎప్పుడూ ఎక్కువే.

అరచేతిలో పోస్టర్

ఇంకో కారణం మీ చేతిలోనే ఉంది. హాలీవుడ్ థియేటర్ పోస్టర్ సుమారు 27 అంగుళాల వెడల్పు, 40 అంగుళాల ఎత్తు ఉంటుంది. ఫోన్‌లో అదే పోస్టర్ మీ బొటనవేలి గోరుకంటే కొంచెం పెద్దగా ఉంటుందేమో. ఎక్సార్సిస్ట్ పోస్టర్‌ని ఆ సైజుకి కుదించండి. నల్ల డబ్బా మధ్యలో తెల్ల మచ్చ, అంతే. రాళ్ల గుట్ట మీద బండి అసలు కనిపించదు. చిన్న సైజులో కూడా బతికేది ముఖమే.

2016లో నెట్‌ఫ్లిక్స్ ఈ సంగతి గురించి బహిరంగంగా చెప్పింది. వాళ్ల లెక్కలో ఒక్కో టైటిల్ మీద యూజర్ పెట్టే టైమ్ సగటున 1.8 సెకన్లు. ఎమోషన్ బాగా కనిపించే ముఖాలు ఎక్కువ పనిచేస్తాయని కూడా చెప్పారు. 1.8 సెకన్లలో "ఆ బండి అక్కడికెలా వచ్చింది" అని ఎవడాలోచిస్తాడు? అందుకే మనలాంటివాళ్లం ఏం చేస్తాం? ఒక ముఖం తీసుకుని దాన్ని వీలైనంత భయంకరంగా మార్చేస్తాం.

నేను చేసింది

ఆ థంబ్‌నెయిల్‌లో ఉన్నది మా నాయనమ్మ. ఆ ఎపిసోడ్‌లో సగం కథలు చెప్పింది ఆవిడే. చిన్నప్పుడు పొలంలో వరి కంకి గుచ్చుకుని ఎడమ కంట్లో పువ్వు వేసింది. తాతయ్య పోయినప్పటినుంచి తెల్ల చీరలే కడుతుంది. ఫొటో తీస్తానంటే ముడి సర్దుకుని, నవ్వుతూ కూర్చుంది.

ఎడిటింగ్‌లో నేను చేసింది వరసగా చెప్తా, పైన చెప్పినవన్నీ మీకు కనపడతాయి. నవ్వు ఉన్న ఫొటో పక్కన పెట్టి, ఫోన్ వైపు అర్థంకానట్టు చూసిన ఫొటో తీసుకున్నా. రంగు తగ్గించి ముఖానికి ఆకుపచ్చ ఛాయ వేశా. నీడలు మార్చి కింద నుంచి లైట్ పడుతున్నట్టు చేశా. ముడి తీసేసి విరబోసిన జుట్టు అతికించా. చివరికి ఆ కంటి పువ్వుని ఇంకొంచెం తెల్లగా, ఇంకొంచెం పెద్దగా చేశా. మొత్తం కలిపి 20 నిమిషాల పని. వీడియో దూసుకెళ్లింది. నేను పార్టీ ఇచ్చా.

ఊళ్లో ఏం జరిగిందో నాకు నెల తర్వాత తెలిసింది. వీధిలో పిల్లలు ఫోన్‌లో అది చూశారు. సాయంత్రం అరుగు మీద కూర్చున్న నాయనమ్మని చూసి కేకలేసుకుంటూ పరిగెత్తడం ఒక ఆటైపోయింది. మొదట్లో ఆవిడ కూడా నవ్విందట. ఎందుకు పరిగెడుతున్నారో తెలీదు కదా. తర్వాత ఒక పిల్లాడు ఫోన్ తెచ్చి చూపించాడు. ఆ రోజు నుంచి అరుగు మీదికి రావడం మానేసింది. పండక్కి నేను వెళ్లినప్పుడు తిట్టలేదు. "ఏరా అబ్బాయ్, దెయ్యం అంటే నాలాగే ఉంటదంట్రా?" అని అడిగింది, అంతే. నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే 20 నిమిషాలు కూర్చుని నేను చెప్పింది అదే కదా, అవును నాయనమ్మా, నీలాగే ఉంటుంది అని.

పళ్లున్న సొరచేపని చూసి భయపడమంటే సొరచేపకి పోయేదేం లేదనుకున్నాం. అక్కడ కూడా సొరచేపలంటే జనాల్లో పెరిగిన భయం చూసి, నవల రాసిన బెంచ్లీయే తర్వాత చాలా ఏళ్లు వాటిని కాపాడాలని తిరిగాడు. చేపకే అలా ఉంటే, మనిషి సంగతేంటి?

బొటనవేలి టెస్ట్

మీలో చాలామంది షార్ట్ ఫిల్మ్‌లు తీస్తున్నారు, థంబ్‌నెయిల్స్ చేస్తున్నారు. ఒక చిన్న టెస్ట్ చెప్తా. మీ హారర్ పోస్టర్‌ని ఫోన్‌లో ఓపెన్ చేసి, అందులో భయపెడుతున్న మనిషి ముఖాన్ని బొటనవేలితో మూసేయండి. ఇంకా ఏదైనా భయం మిగిలిందా? రోజ్‌మేరీ ముఖం మూసినా గుట్ట మీద బండి ఉంటుంది. చిమ్మట పురుగు పోస్టర్‌లో ముఖం మూసినా పుర్రె మిగులుతుంది. ఏలియన్‌లో, ఎక్సార్సిస్ట్‌లో మూయడానికి ముఖమే లేదు. నా పాత థంబ్‌నెయిల్‌లో ముఖం మూస్తే మిగిలింది ఏంటో తెలుసా? నల్ల బ్యాక్‌గ్రౌండ్, ఎర్ర బాణం గుర్తు. భయమంతా ఒక మనిషి కంటి మీద, చీర మీద పెట్టేశాను. కథలోంచి ఒక్క ముక్క తీసుకోలేదు.

ఆ కథల్లో ఎంత ఉందో తెలుసా? నాయనమ్మ చెప్పిన వాటిల్లో ఒకటి, అర్ధరాత్రి బావి గిలక దానంతటదే తిరిగే కథ. కొత్త థంబ్‌నెయిల్ అదే. చీకట్లో ఒక గిలక, బిగుసుకుని కిందికి దిగిన తాడు, బావి కనపడదు. తాడు బిగుసుకుందంటే కింద ఏదో వేలాడుతున్నట్టే కదా. చిన్న సైజులో కూడా తాడు కనిపించాలని గీతని లావు చేసి, మిగతాదంతా తీసేశా. ఉన్నదున్నట్టు చెప్తున్నా, మార్చాక క్లిక్‌లు తగ్గాయి. ముఖం ముందు తాడు ఓడిపోయింది. అయినా అదే ఉంటుంది.

పాత బొమ్మ స్క్రీన్‌షాట్లు ఇంకా ఎక్కడెక్కడో తిరుగుతున్నాయి, వాటిని నేను ఆపలేను. మీ ఫోన్‌లో ఉంటే డిలీట్ చేయండి, ప్లీజ్. నాయనమ్మ ఇప్పుడు మళ్లీ అరుగు మీద కూర్చుంటోంది. కానీ చీకటి పడకముందే లోపలికి వచ్చేస్తోంది.

వచ్చే ఎపిసోడ్‌లో హారర్ సినిమాల్లో సౌండ్ గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా మీ ఫేవరెట్ హారర్ పోస్టర్ ఒకటి తీసి బొటనవేలి టెస్ట్ పెట్టండి, పాసైందో ఫెయిలైందో నాకు చెప్పండి. ఉంటా మరి, బై.